చదివి చేయవలసిన చేవ్రాలు
లినక్సు కర్నెలు – మెమరీ పాలన – వ్యాఖ్యాన పరీక్ష

లోకమున నే వస్తువు నిత్యవ్యవహారమునకు మిక్కిలి యుపయోగపడునో, దానిని గూర్చిన విచారణ అంత తక్కువగా నుండుట మానవస్వభావము. కాలువనీరు పొలమునకు పాఱుచున్నంతకాలము తూము నెవరు కట్టిరో, లాకుల తలుపుల నెవరు పరీక్షించుచున్నారో రైతు విచారింపడు. గట్టు తెగిననాడు మాత్రము ఊరంతయు కాలువకడ చేరి, తప్పెవరిదని కేకలు వేయును. నేడు పాఠకమహాశయుల జేబులలో నున్న చేతిఫోను సంగతియు నిట్టిదే. మన దేశమున వాడుకలోనున్న ఫోనులలో నధికభాగము ఆండ్రాయిడు ఫోనులు. వానికి అడుగున పనిచేయుచున్నది లినక్సు అను కర్నెలు. ప్రపంచమున నత్యంత శక్తిమంతములుగా లెక్కింపబడు 500 సూపరు కంప్యూటరులును 2017 నవంబరు మొదలు ఈ కర్నెలుమీదనే నడచుచున్నవి.

ఇంతటి సర్వజనాధారమైన కట్టడమును ఎవరు పరీక్షించుచున్నారు? ఏ వ్రాతను ప్రమాణముగా గొని పరీక్షించుచున్నారు? ఈ రెండు ప్రశ్నలను నేడు పాఠకుల ముందుంచుచున్నాము. మా అభిప్రాయమును మొదటనే చెప్పుదుము. యంత్రమునకు వ్రాసిన శాసనమును ఎంత జాగ్రత్తతో పరీక్షింతురో, ఆ శాసనమును వివరించు వ్యాఖ్యానమునుగూడ నంత జాగ్రత్తతోనే పరీక్షింపవలయును. వ్యాఖ్యానము లేని చోట పరీక్షకుడు గ్రుడ్డివాడు. తప్పుడు వ్యాఖ్యానమున్న చోట, త్రోవ తప్పించువానిని వెంటబెట్టుకొని పోవు బాటసారి. ఈ మాట వట్టి నీతివాక్యము కాదు. గడచిన ఇరువదేండ్ల చరిత్ర దీనికి సాక్ష్యమిచ్చుచున్నది.

మెమరీ యను ఆయకట్టు

కర్నెలనగా కంప్యూటరునందలి మూలప్రభుత్వము. ఇతర ప్రోగ్రాములన్నియు దాని ప్రజలు. లినక్సు కర్నెలును 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్సు ప్రారంభించెను. దాని మూలలిఖితము రహస్యము కాదు. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దుబాటును పంపవచ్చును.

ఈ ప్రభుత్వము చేయు పనులలో మెమరీని పంచిపెట్టుట ప్రధానమైనది. మెమరీని సంస్కృతమున స్మృతి యనవచ్చును; ధర్మశాస్త్రమునుగూడ మనము స్మృతి యనియే పిలుచుచున్నాము. ఒకే పేరు రెంటికి నమరుట ఇచ్చట యుక్తముగానే యున్నది. ఏలయన, మెమరీ పంపకమనగా ధర్మాధర్మవిచారమే.

భూస్వాములగు మా పాఠకులకు ఈ పద్ధతిని బోధపఱచుట కష్టము కాదు. సాధారణ యంత్రములలో మెమరీ అంతయు 4,096 బైట్ల చొప్పున పుటలుగా విభజింపబడియుండును. 8 గిగాబైట్ల యంత్రమున నిట్టి పుటలు 20 లక్షలకు పైగా నుండును. ఇది నిజమైన భూమి. అయితే నడచుచున్న ప్రతి ప్రోగ్రామునకును, తనకు మాత్రమే చెందిన మహాసంస్థాన మొకటి యున్నట్లు కర్నెలు చూపును. నేటి సాధారణమగు 64 బిట్ల యంత్రములలో ఆ సంస్థానపు విస్తీర్ణము 128 టెరాబైట్లు. ఇది కాగితముమీది భూమి. కాగితముమీది యే చోటు నిజమగు నే పుటకు సరిపోవునో తెలుపు లెక్కలే పుటల పట్టికలు. ఆ సంస్థానమునందలి ప్రతి కమతమునకు నొక పట్టా యుండును. ఎచ్చట మొదలు, ఎచ్చట తుది, చదువుటకు హక్కు గలదా, వ్రాయుటకు గలదా, అందున్నదానిని నడపుటకు గలదా యను సంగతులు దానిలో నుండును.

ఇందొక విశేషము గలదు. పట్టా యిచ్చినంతమాత్రమున కర్నెలు భూమి నీయదు. ప్రోగ్రాము ఆ చోట కాలు మోపినప్పుడే, అప్పటికప్పుడు పుటను వెదకి స్వాధీనపఱచును. మఱియొక విశేషము: ఒక ప్రోగ్రాము నుండి మఱియొకటి బిడ్డవలె పుట్టినప్పుడు తల్లి భూమినంతయు వెంటనే నకలు చేయరు. ఉమ్మడి కుటుంబమునందువలె ఇరువురును ఒకే పుటలను చదువుకొందురు. ఎవరైన నొకరు వ్రాయబూనినప్పుడే ఆ యొక్క పుటకు పంపకము జరిగి వేఱు ప్రతి యేర్పడును. పొదుపునకు నింతకంటె మంచి యుపాయము లేదు. అయితే ఉమ్మడికుటుంబపు వ్యాజ్యములన్నియు పంపకపు వేళనే పుట్టునని మా పాఠకులకు వేఱుగ చెప్పవలెనా?

తాళముల ధర్మము

నేటి కంప్యూటరున ఒకే సమయమున పలు ప్రాసెసరులు పనిచేయుచుండును. ఒకే ప్రోగ్రాము థ్రెడ్డులనబడు అనేక శాఖలుగా విడివడి, అన్నియు నొకే సంస్థానమున తిరుగుచుండును. ఒకరు లెక్క చదువుచుండగా వేఱొకరు దానిని దిద్దినచో, చదివినవాడు సగము పాత, సగము క్రొత్తయు నగు మాటను నమ్మి పోవును. కరణముల వ్యవస్థ 1984లో రద్దగువఱకు గ్రామ చావడులలో నిట్టి చిక్కు రాకుండుటకు కారణమొకటే: అడంగలు ఒకటి, దానిని వ్రాయు చేయి యొకటి. కర్నెలున చేతులు వేలు. కావున తాళములు కావలసివచ్చినవి.

చిరకాలము ఒక సంస్థానమునకంతకు నొకే పెద్ద తాళముండెను. చదువుకొనువారు ఎందఱైనను ఒక్కమాఱే దానిని పుచ్చుకొనవచ్చును. దిద్దువాడు మాత్రము ఒక్కడే యుండవలెను. వాడున్నంతవఱకు చదువుకొనువారికి ప్రవేశము లేదు. శాఖలు పెరిగినకొలది ఈ తాళము కడ వరుసలు పెరిగెను. 2023లో వెలువడిన 6.4 కర్నెలున ఒక్కొక్క కమతమునకు వేఱు తాళము నేర్పఱచిరి. ఒక సర్వే నంబరు దిద్దుటకై చావడినంతయు మూసివేయు కష్టము దీనితో చాలవఱకు తగ్గెను.

తాళములు పెరిగినకొలది వానిని పుచ్చుకొను వరుస ముఖ్యమగును. మొదటి తాళము నీవు పట్టుకొని రెండవదానికై నీవు వేచియుండగా, రెండవది నేను పట్టుకొని మొదటిదానికై నేను వేచియున్నచో, ఇరువురమును ప్రళయకాలము వఱకు నిలిచిపోవలసినదే. కావున అందఱును ఒకే వరుసలో తాళములు తీయవలయును. ఈ వరుస ఎచ్చట వ్రాసియుండెను? మెమరీ పాలనకు సంబంధించిన రెండు మూలపత్రముల శిరోభాగమున, చిన్న వ్యాఖ్యలుగా నుండెను. తెలిసినవాడు పోయి చూచుకొనును. తెలియనివాడు అట్టి వ్రాత యొకటి యున్నదనియే యెఱుగడు.

తొమ్మిదేండ్లు దాగిన దోషము

2016 అక్టోబరున 'డర్టీ కౌ' అను పేరుగల దోషము బయటపడెను. 2007లో వెలువడిన 2.6.22 కర్నెలు మొదలు తొమ్మిదేండ్లకు పైగా నది దాగియుండెను. దాని స్వరూపమును పాఠకులు గ్రహింపవలయును.

ఒక ప్రోగ్రామునకు ఒక ఫైలును చదువుటకు మాత్రమే హక్కు గలదనుకొందము. దానిని తన సంస్థానమున నొక కమతముగా పెట్టుకొని, దానిపై నేమైన వ్రాయబూనినచో, ఆ వ్రాత మూలముపై పడక సొంత నకలుపై పడవలెను. కర్నెలు ఈ పనిని రెండు మెట్లలో చేయుచుండెను. మొదటి మెట్టున నకలు చేయును. నకలు సిద్ధమైనది గదా యని, రెండవ మెట్టున 'వ్రాయుటకు' అను మాటను కోరికనుండి తొలగించి, పుటను మఱల వెదకును. ఈ రెండు మెట్ల నడుమ అదే ప్రోగ్రాముయొక్క వేఱొక శాఖ వచ్చి, 'ఆ నకలు నా కక్కఱలేదు, పాఱవేయుము' అని కోరెననుకొందము. కర్నెలు ఆ మాట మన్నించి నకలును పాఱవేయును. రెండవ మెట్టునకు వచ్చినప్పుడు నకలు లేదు. కోరికయందు 'వ్రాయుటకు' అను మాటయు లేదు. చదువుటకే గదా యని మూలపుటనే చేతికిచ్చును. వ్రాత మూలముమీదనే పడును! సామాన్యుడు ఈ మార్గమున యంత్రాధిపతి ఫైలులను దిద్ది, తానే యధిపతి కావచ్చును.

దీనిని సవరించినప్పుడు టోర్వాల్డ్సు బహిరంగముగా వ్రాసిన సంగతి గమనింపదగినది. పదునొకండేండ్లకు ముందే దీనిని తాను దిద్దబూనితిననియు, వేఱొక జాతి యంత్రములందు చిక్కులు వచ్చుటచే ఆ దిద్దుబాటును తీసివేయవలసివచ్చెననియు, ఆ కాలమున ఊహకు మాత్రమే అందిన ఈ పోటీ, వ్యవస్థ విస్తరించినకొలది సులభసాధ్యమయ్యెననియు నాతడు తెలిపెను. కథ అంతటితో ముగియలేదు. 2 మెగాబైట్ల పెద్ద పుటల విషయమున ఈ సవరణ పూర్తిగా సరిపడలేదని 2017 నవంబరున తేలి, మఱల సవరింపవలసివచ్చెను.

ఇందు మనము నేర్వవలసినదేమి? ఆ మూలలిఖితమును పంక్తి పంక్తిగా చదివినవానికి ప్రతి పంక్తియు సరిగానే కనబడును. దోషము పంక్తిలో లేదు. రెండు పంక్తుల నడుమ నున్నది. 'ఈ నడుమ నకలు మాయము కావచ్చును' అను వాక్యము ఎచ్చటను వ్రాసియుండలేదు. వ్రాసియున్నచో రెండవ మెట్టును చదివిన ప్రతి పరీక్షకుడును ఆ ప్రశ్న వేసియుండును. లోకమునందలి అనేక నేత్రములు తెఱచియున్నను, చూడవలసిన చోటును చూపు వ్రేలు లేకపోయెను.

వ్రాయని ఆచారము

ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము 2023లో దొరకినది. ప్రతి ప్రోగ్రామునకు 'స్టాకు' అను కమతమొకటి యుండును. అవసరమైనకొలది అది తనంతట తాను పెరుగును. అట్లు పెరుగుట పట్టా సరిహద్దును దిద్దుటయే. న్యాయముగా దానికి దిద్దుతాళము కావలెను. అయినను చదువు తాళముతోనే ఆ పని చేయుట పూర్వమునుండి యాచారముగా వచ్చుచుండెను. అప్పటి జాబితా పద్ధతిలో సరిహద్దు అంకెను ఉన్నచోటనే దిద్దుట చాలును గనుక దీనివలన పెద్ద హాని కలుగలేదు.

2022 డిసెంబరున వెలువడిన 6.1 కర్నెలున పట్టాల జాబితాకు 'మేపిల్ వృక్ష' మను నూతనపద్ధతి వచ్చెను. అది మంచి పద్ధతియే. అయితే దీనిలో అంకెను దిద్దుటకు ఒక్కొక్కప్పుడు పాత ఆకును తీసివేసి క్రొత్త ఆకును కుట్టవలసివచ్చును. తీసిన ఆకును కొంత వ్యవధి తరువాత పాఱవేయుదురు. చదువు తాళము మాత్రమే పట్టుకొనియున్నవాడు, పాఱవేసిన తరువాతను ఆ పాత ఆకునే చూచుచుండవచ్చును. ఆ యాకున్న చోటు ఈలోపల వేఱొకరి పరము కావచ్చును. 'స్టాక్ రాట్' అని పేరొందిన ఈ దోషమువలనను సామాన్యునికి అధిపతి హక్కులు చేజిక్కు మార్గమేర్పడెను. 2023 జూన్ 15న దోషమును దెలిపిరి. జూన్ నెల ముగియకముందే టోర్వాల్డ్సు చేతులమీదుగా సవరణ మూలమున చేరెను. ఇకపై స్టాకు పెరుగవలెనన్నచో దిద్దుతాళము పుచ్చుకొనియే తీరవలయునని నియమించిరి.

ఈ వ్యవహారమున నెవరి తప్పు? పాత ఆచారమును పెట్టినవారిది కాదు. వారి కాలమునకు నది సరిపోయెను. క్రొత్త వృక్షమును నాటినవారి బుద్ధిహీనతయు కాదు. చదువు తాళము పట్టుకొన్నవాడు దిద్దడను సామాన్యధర్మమునకు ఒక వినాయింపు గలదని, ఆ ధర్మము చెప్పిన చోటనే వ్రాసియుండవలసినది. ఆచారము వ్రాతలో లేనప్పుడు, క్రొత్త కోడలు అత్తవారింట పాత్ర తప్పించి పెట్టినట్లే యగును. ఆమెను నిందించి ప్రయోజనమేమి?

కమతమునకొక తాళమను నూతనవిధానమునకును వచ్చిన నెలలోనే పరీక్ష వచ్చెను. తల్లిప్రోగ్రామునుండి బిడ్డ పుట్టుచుండగా, తల్లి కమతములకు తాళము వేయుట మఱచిరి. పెద్ద తాళము పట్టుకొన్నచో అందఱును ఆగుదురని పూర్వపు ధర్మము. క్రొత్త ధర్మమున కమతపు తాళముతో లోపలికి పోవువారు పెద్ద తాళముకొఱ కాగరు. తత్ఫలితముగా కొందఱి యంత్రములలో మెమరీ పాడయ్యెను. 2023 జూలైలో ఆ విధానమును తాత్కాలికముగా నిలిపి, దోషము సవరించి, మఱల నడపవలసివచ్చెను. ధర్మము మాఱెను, ధర్మముపై నాధారపడిన స్థలములన్నిటిని చూపు పట్టిక లేకపోయెను.

ఖాళీ అధ్యాయములు

మఱి వ్యాఖ్యానగ్రంథములు లేవా యని పాఠకులడుగవచ్చును. కలవు. లినక్సు మెమరీ పాలనపై మెల్ గోర్మన్ వ్రాసిన పెద్ద గ్రంథము 2004లో అచ్చయ్యెను. అది ప్రధానముగా 2.4 కర్నెలును వివరించుచున్నది. అప్పటికే 2.6 కర్నెలు లోకమున వెలసియుండెను. అచ్చుపుస్తకమునకు ఇది తప్పని గతి. ఈ కర్నెలు తొమ్మిది పది వారములకొకమాఱు నూతనరూపమున వెలువడును. ఒక్కొక్క మాఱు పదివేలకు మించిన మార్పులు చేరును. ఇట్టి ప్రవాహమునకు వ్యాఖ్యానము గట్టుమీది శిలాశాసనమువలె నుండరాదు. పడవవలె నీటితోబాటు కదలవలెను.

కర్నెలుతోనే కలిసియుండు వివరణపత్రములలో మెమరీ భాగమునకు 2022లో నూతనమగు విషయానుక్రమణిక నేర్పఱచిరి. భౌతిక మెమరీ, పుటల పట్టికలు, ప్రోగ్రాముల సంస్థానములు అని శీర్షికలు నిలిపిరి. అయితే కొన్నిటి క్రింద శీర్షిక తప్ప మఱేమియు లేదు. గృహప్రవేశము జరిగిన యింట గదుల పేర్లు తలుపులమీద వ్రాసి లోపల చాపయైన వేయనట్లుండెను. పుటల పట్టికల గది 2023లో కొంత నిండెను. సంస్థానముల గది 2024 చివరవఱకు ఖాళీగానే యుండెను. పైన మేము వర్ణించిన దోషములు ఆ గదికి సంబంధించినవే యను సంగతి పాఠకులు మఱవరాదు.

2024 చివర ఆ గది నిండెను. ఆ పత్రము 2025 జనవరిలో వెలువడిన 6.13 కర్నెలుతో లోకమునకు చేరెను. పట్టాయందలి యే అంశమును దిద్దుటకు నే తాళము కావలెనో అది పట్టికలుగా చెప్పుచున్నది. పుటల పట్టికలలో నడచుటకు, క్రొత్త పుట నెక్కించుటకు, పట్టికనే తీసివేయుటకు వేఱువేఱు ధర్మములను నిరూపించుచున్నది. మూలపత్రముల శిరస్సున దాగియున్న తాళముల వరుసనుగూడ పైకి దెచ్చినది. ఇది ఒక్కమాఱుగా నవతరింపలేదు. మొదట అభిప్రాయముకొఱకు పంపిరి. సాటివారు మూలముతో సరిపోల్చి చూచి ఆక్షేపణలు చెప్పిరి. తిరిగి వ్రాసి మఱల పంపిరి. శాసనమునకు జరుగు పరీక్షయే వ్యాఖ్యానమునకును జరిగినది.

తరువాతి సంగతి మఱింత సంతోషకరము. 2025 మేలో వచ్చిన 6.15 కర్నెలున కమతపు తాళముయొక్క నిర్మాణమునే మార్చి, లెక్కబెట్టు పద్ధతిలో దానిని తిరిగి కట్టిరి. ఆ మార్పుల వరుసయందే వివరణపత్రమును దిద్దు మార్పు నొకటి చేర్చిరి. ధర్మము మాఱిననాడే వ్యాఖ్యానమును మాఱెను. ఇదియే మేము కోరు పద్ధతి.

సాక్షి సంతకము

ఇక పరీక్షకుని మాట. ఎవడైన నొక మార్పును పంపినప్పుడు దానిక్రింద తన పేరు వ్రాసి, ఇది పంపుటకు నాకు హక్కు గలదని చెప్పవలెను. ఈ నియమము 2004లో వచ్చినది. పరీక్షించిన సాటివాడు వేఱుగా చేవ్రాలు చేయును. ఆ చేవ్రాలునకు కర్నెలువారు అర్థమును నిర్ణయించి వ్రాసియుంచిరి. పరీక్షకుడు మార్పును శాస్త్రరీత్యా చదివినట్లును, తన సందేహములను కర్తకు తెలిపి సమాధానముతో తృప్తిపడినట్లును, తానెఱిగినంతలో దీనియందు ప్రబలదోషము లేదని నమ్ముచున్నట్లును దాని తాత్పర్యము. పూచీ పడుట మాత్రము లేదు. 'నాకు సమ్మతమే' యని తెలుపు చేవ్రాలు వేఱొకటి గలదు. అది ఇంత గట్టిది కాదు.

మన పాఠకులలో దస్తావేజులకు సాక్షి సంతకములు చేయనివారుండరు. చదివి చేయువారెందఱు? 'పెద్దమనిషి వ్రాయించినాడు, మనము చేవ్రాలు పెట్టిన పోలా' యని చేయువారెందఱు? వ్యాజ్యము వచ్చిననాడు న్యాయస్థానమున నిలువవలసివచ్చునని తెలిసియు ఇట్లే జరుగుచుండగా, దూరదేశమున నెవ్వరో వ్రాసిన యంత్రశాసనమునకు చేవ్రాలు చేయువానికి ఎంత నిగ్రహము కావలయునో యూహింపుడు. అందును ఈ పని కీర్తిదాయకము కాదు. క్రొత్తది కట్టినవాని పేరు లోకము తలచును. 'ఇచ్చట తాళము లేదు' అని చూపినవానిని ఆ నాలుగు వరుసల ఉత్తరముతోనే మఱచును. వచ్చు మార్పులు వేలు. చదువువారు పదుల సంఖ్య. ఈ భారమును గుర్తించియే 2025లో మెమరీ పాలనను ఉపభాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగమునకు పరీక్షకుల పేర్లు ప్రకటించు పని సాగించిరి. చాలకాలముగా ఆండ్రూ మార్టన్ అను పెద్దదిక్కు చేతిమీదుగా మార్పులలో నధికభాగము పోవుచుండెను.

'మూలమే ప్రమాణము, వ్యాఖ్యానమెందుకు?' అను పక్షమువారు కలరు. వారి వాదమునందు కొంత బలము లేకపోలేదు. తప్పిన వ్యాఖ్యానముకంటె వ్యాఖ్యానము లేకుండుట మేలని మేమును ఒప్పుకొందుము. అయితే మూలము చెప్పునది, యంత్రమేమి చేయునని మాత్రమే. ఏమి చేయవలెనని అది చెప్పదు. స్టాకు చదువు తాళముతో పెరుగుచున్నదని మూలము చెప్పెను. అది ధర్మమా, అపరాధమా, తాత్కాలిక సౌకర్యమా యని చెప్పలేదు. ఇది చెప్పగలది వ్యాఖ్యానమే. మూలమునకును వ్యాఖ్యానమునకును భేదము కనబడిననాడు రెండింటిలో నొకటి తప్పని తేలును. వ్యాఖ్యానమే లేనిచో ఆ భేదము కనబడు మార్గమే లేదు. ఇరువురు సాక్షుల మాటలు సరిపోల్చినప్పుడు గదా అబద్ధము పట్టుబడుట!

మన కర్తవ్యము

ఈ విషయమున మన దేశపు స్థితియేమి? 2007లో సి-డాక్ సంస్థ లినక్సు ఆధారముగా 'బాస్' అను భారతీయ వ్యవస్థను వెలువరించినది. ప్రయత్నము శ్లాఘనీయము. అయితే పేరు మనదైనంతమాత్రమున వస్తువు స్వదేశీయము కాదు. దాని గర్భమునందలి శాసనమును చదివి, తప్పును పట్టి, దిద్దగల జ్ఞానము మనవారియందు విరివిగా నున్ననాడే అది స్వదేశీయము. ఖద్దరును కొనినవాడుకాదు, నూలు వడుకుట నేర్చినవాడే ఆ యుద్యమపు అంతరార్థము నెఱిగినవాడని పెద్దలు చెప్పుచుండిరి. మన ఇంజనీరులలో ఈ కర్నెలునకు మార్పులు పంపుచున్నవారు, పరీక్షించుచున్నవారు లేకపోలేదు. వారిని గూర్చి మేము గర్వించుచున్నాము. కాని హైదరాబాదు నగరమున కంప్యూటరు పనులయందున్న లెక్కలేనంతమంది యువకులతో పోల్చినచో ఆ సంఖ్య చాలదు.

మఱియొక సంగతి. కర్నెలు వివరణపత్రములకు చైనా, జపాను, కొరియా, ఇటలీ, స్పెయిను భాషలలో అనువాదములు ఆ మూలముతోనే కలిసియున్నవి. ఆ వరుసలో భారతీయభాష యొక్కటియు కానరాదు. ఇది మనకు చిన్నతనము. అనువదించువాడు ప్రతి వాక్యమును ప్రశ్నింపక తప్పదు. గనుక అనువాదమే యొక పరీక్ష. వ్యాఖ్యానవిద్యలో మనము లోకమునకు గురువులమై యుంటిమి. కాళిదాస కావ్యములకు వ్యాఖ్య వ్రాసిన మల్లినాథసూరి మెదకు సీమయందలి కొలచాలమువాడు. మూలమున లేనిది వ్రాయక, అక్కఱలేనిది పలుకక వ్యాఖ్య చేయుట ఆతని వ్రతము. యంత్రశాసనమునకు వ్యాఖ్య వ్రాయువానికి నింతకంటె మంచి నియమమును ఏ దేశమువారు చెప్పగలరు?

కావున మా సూచనలు ఇవి. మన యింజనీరింగు కళాశాలలలో ఈ విద్యను పరీక్షాపత్రములకొఱకు వల్లెవేయించుట చాలదు. ఒక్కొక్క విద్యార్థిచేత కర్నెలు మెమరీ భాగమున నొక చిన్న అధ్యాయమును మూలముతో సరిపోల్చి చదివింపవలయును. భేదము కనబడినచో మర్యాదగా వ్రాసి పంపుట నేర్పవలయును. దీనికి ప్రవేశరుసుము లేదు, సిఫారసు లేదు, ఓడ టిక్కెట్టు లేదు, ఓర్పొక్కటే కావలెను. ఈ కర్నెలుమీద వ్యాపారము చేసి ధనమార్జించు సంస్థలు తమ యుద్యోగులకు పరీక్షాకార్యమునకై వేళ నీయవలయును. క్రొత్తది కట్టినవానికిచ్చు గౌరవమును తప్పు చూపినవానికిని ఈయవలయును. వివరణను దిద్దని మార్పు పూర్తికాని మార్పని అందఱును భావింపవలయును.

ఉచితముగా వచ్చిన నీటిని అనుభవించుచు గట్టు కాపలాకు ఒక్కనాడైనను పోని రైతును ఊరివారు గౌరవింపరు. ఈ మహాకర్నెలు నీటిని మనము ముప్పదేండ్లనుండి త్రాగుచున్నాము. కాపలాకు పోవలసిన వంతు మనదియు వచ్చినది. లాంతరు పట్టుకొని, గట్టు పొడవునను నడచి, చెమ్మ కనబడిన చోటెల్ల గుర్తు పెట్టి, చూచినది చూచినట్లు వ్రాసి, అప్పుడు చేవ్రాలు చేయుదము.